కవల బుడతలతో వీధిలో నడక: ఉన్నవి రెండే చేతులు

ఏడాదిన్నర దాటి మూడేళ్లు నిండని కవలలను ఒక్కరే బయట నడిపించాల్సి వచ్చే అమ్మానాన్నల కోసం, అమ్మమ్మ తాతయ్యల కోసం ఈ వివరాలు. ఒక్క బిడ్డతో నడిచేటప్పుడు ఒక చెయ్యి బిడ్డకి పోతుంది, ఇంకో చెయ్యి మిగులుతుంది. ఆ మిగిలిన చేత్తోనే గేటు తీస్తాం, కూరగాయల బండి దగ్గర డబ్బులిస్తాం, ఎదురొచ్చే బైకుని ఆగమని సైగ చేస్తాం. కవలలతో ఆ చెయ్యి ఉండదు. ఫోన్ మోగినా, సంచి జారినా ఎవరో ఒకరి చెయ్యి వదలక తప్పదు. వదిలితే నిలబడి ఎదురుచూసే వయసు కాదది.

అందుకే అన్నిటికంటే ముందు ఒక నియమం పెట్టుకోండి. వాహనాలు తిరిగే చోట మీరు ఒక్కరే ఉంటే, ఇద్దరిలో ఒకరే నేల మీద ఉండాలి. రెండోవారు స్ట్రోలర్‌లో (పిల్లలని కూర్చోబెట్టి తోసే బండిలో) బెల్టు పెట్టుకుని కూర్చోవాలి, లేదా మీ ఒంటికి కట్టుకుని ఉండాలి. కాసేపయ్యాక మార్చండి.

"చెరో చేత్తో పట్టుకుంటే సరిపోదా?" అనిపిస్తుంది. మీరు మధ్యలో ఉన్నారంటే ఒకరు గోడ వైపు, ఇంకొకరు బండ్ల వైపు ఉన్నట్టే. బండ్ల వైపున్న బిడ్డకీ పక్కనుంచి పోయే టైరుకీ మధ్య అడ్డం ఎవరూ లేరు. పోనీ ఇద్దరినీ గోడ వైపే పెట్టి ఒకరి చెయ్యి ఒకరికి పట్టిస్తే ఫొటోకి ముచ్చటగా ఉంటుంది, అంతే. రెండేళ్ల పిల్లల పట్టు అరనిమిషం నిలవదు. ఇద్దరినీ ఎత్తుకుందామంటే, ఆ వయసులో ఒక్కొక్కరు సుమారు 12 కిలోలు ఉంటారు. అంటే పాతిక కిలోల బియ్యం బస్తా మోసినట్టే, పైగా ఇది రెండు వైపులకీ గింజుకునే బస్తా.

1. ముందు మీరొక్కరే ఆ దారిలో నడిచి రండి

పిల్లలతో ఏ వేళకి వెళ్లాలనుకుంటున్నారో ఆ వేళకే వెళ్లండి. మధ్యాహ్నం ఖాళీగా ఉండే వీధి, సాయంత్రం స్కూల్ బస్సులు వచ్చేసరికి ఇంకో వీధి అవుతుంది. పిల్లల ఎత్తు 80, 90 సెంటీమీటర్లే. కాబట్టి మీ నడుము కంటే కింద ఏమున్నాయో చూస్తూ నడవండి.

మొదట చూడాల్సింది నీళ్లు, గుంటలు. 2023 ఏప్రిల్‌లో సికింద్రాబాద్ కళాసిగూడలో వాన కురిసిన ఉదయం, తెరిచి ఉన్న నాలాలో పడి ఒక స్కూలు పాప చనిపోయింది. నడక బాగా వచ్చిన, ప్రమాదం అర్థమయ్యే వయసు పిల్లకే అలా జరిగింది. మీ దారిలో మూత లేని మ్యాన్‌హోల్, పగిలిన డ్రైనేజీ పలక, సెల్లార్ కోసం తవ్వి వదిలేసిన గుంత ఉంటే ఆ దారిని మానేయండి. వాన నీళ్లు నిలిచిన చోట అడుగున ఏముందో కనపడదు కాబట్టి వానాకాలం నిన్నటి దారిని కూడా నమ్మొద్దు. హైదరాబాద్‌లో అయితే తెరిచి ఉన్న మ్యాన్‌హోల్ గురించి జలమండలి నంబర్ 155313కి ఫోన్ చేసి చెప్పొచ్చు.

సంపుల సంగతి విడిగా చెప్పాలి. నల్లా నీళ్లు వచ్చే వేళ చాలా ఇళ్ల ముందు సంపు మూత తీసే ఉంటుంది. పైపు వేసి మనిషి ఇంట్లోకి వెళ్లిపోతారు. ఈ వయసు పిల్లలకి ఒంటితో పోలిస్తే తల బరువెక్కువ. తొంగి చూస్తే తలకిందులుగానే పడతారు. మీ వీధికి నీళ్లు వచ్చే రోజు, వచ్చే వేళ తెలుసుకుని ఆ సమయానికి నడక పెట్టుకోకండి. పక్కింటివాళ్లకి మూత గురించి చెప్పడానికి మొహమాటపడకండి.

తర్వాత కరెంటు. కంచె లేని ట్రాన్స్‌ఫార్మర్, తలుపు ఊడిన స్తంభం పెట్టె, వేలాడే వైర్లు సరిగ్గా పిల్లల చెయ్యి అందే ఎత్తులో ఉంటాయి. తడి రోజున వాటికి ఎదురు వైపు నుంచి నడవాలి. ఇవి కాక కార్లు రివర్స్ చేసే చోట్లు, నీళ్ల ట్యాంకర్ ఆగే మలుపు, మాంసం దుకాణాల ముందు కుక్కలు గుంపుగా ఉండే జాగా కూడా గుర్తుపెట్టుకోండి. ఇవన్నీ తీసేశాక మిగిలేది రెండు వీధులే కావచ్చు. పిల్లలకి ఆ రెండు వీధులు చాలు. ఒకే గోడ మీద బల్లిని రోజూ కొత్తగా చూసే వయసు వాళ్లది.

2. స్ట్రోలర్, క్యారియర్, బెల్టు

రోడ్ల ప్రమాణాలు చెప్పే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాల ప్రకారం ఫుట్‌పాత్ మీద నడిచే జాగా కనీసం 1.8 మీటర్లు ఉండాలి. మన వీధుల్లో టీ బండి, పార్క్ చేసిన బుల్లెట్, చెట్టు తొట్టె పోను మిగిలేది ఎంతో మనకి తెలుసు. పక్కపక్కన కూర్చునే డబుల్ స్ట్రోలర్ సుమారు 75, 80 సెంటీమీటర్ల వెడల్పుంటుంది. ఫుట్‌పాత్ దిగి రోడ్డు మీద తోసుకుంటూ పోవాల్సి వస్తే దాన్ని కొన్న ఉపయోగమే పోయింది. మన ఊళ్లకి ఒకరి వెనక ఒకరు కూర్చునే రకం మేలు. కొనే ముందు మీ లిఫ్టు తలుపునీ, మెయిన్ గేటు పక్కనుండే చిన్న తలుపునీ టేపుతో కొలవండి. ఒక్కో సీటుకి ఎంత బరువు వరకు పనికొస్తుందో లేబుల్ మీద చూడండి.

బెల్టు ఐదు చోట్ల పట్టుకునేదే కావాలి: రెండు భుజాలు, రెండు నడుము వైపులు, కాళ్ల మధ్య ఒకటి. నడుముకి మాత్రమే ఉండే బెల్టులోంచి రెండేళ్ల బిడ్డ నిలబడి లేచి వచ్చేస్తుంది. హ్యాండిల్‌కి కూరగాయల సంచి తగిలించొద్దు. ఒకరిని దించగానే బరువు తప్పి బండి వెనక్కి పడుతుంది, లోపల ఉన్నవారితో సహా. ఎండ తగలకుండా పైన చున్నీ కప్పడం కూడా మంచిది కాదు. గాలి ఆడక లోపల వేడి పెరుగుతుంది. ఆగిన ప్రతిసారీ, నేల చదునుగా కనిపించినా సరే, బ్రేకు వేయాలి.

సింగిల్ స్ట్రోలర్, ఒక క్యారియర్ (బిడ్డని ఒంటికి కట్టుకునే సంచి) కలిపి వాడటం నాకు అన్నిటికంటే నచ్చిన పద్ధతి. ఒకరు వీపున, ఒకరు స్ట్రోలర్‌లో ఉంటే రోడ్డు దాటేటప్పుడు ఎవరూ నేల మీద ఉండరు. పార్కుకి చేరాక ఇద్దరూ దిగుతారు. చీరతో వీపున కట్టుకోవడం చేతనైన అమ్మమ్మలు ఉంటే వాళ్ల దగ్గర నేర్చుకోండి. రానివాళ్లు మాత్రం బజారులో కాదు, ఇంట్లో మంచం పక్కన సాధన చేయాలి.

ఇక బెల్టు, అదే ఒంటికి కట్టి తాడు మన చేతిలో పట్టుకునేది. "కుక్కపిల్లని కట్టినట్టు కట్టారేంటమ్మా" అని కనీసం ఒకరైనా అంటారు. అననివ్వండి. ఆ మాట అన్నవాళ్లు మీ రెండోవాడి వెనక పరిగెత్తరు. అయితే మణికట్టుకి కట్టేది వద్దు, ఛాతీకి, వీపుకి పట్టుకునే రకం తీసుకోండి. ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల్లో ముంజేతిని పట్టి గట్టిగా గుంజితే మోచేతి దగ్గర ఎముక పట్టు తప్పే అవకాశం ఉంది. కాలువ దాటించడానికి ఒక్క చెయ్యి పట్టి పైకి లేపినా అదే జరుగుతుంది. బిడ్డ ఏడ్చి, ఆ తర్వాత చెయ్యి కదపకుండా వేలాడేసి ఉంచితే దాన్ని అనుమానించండి. కట్లు కట్టే చోటికి తీసుకెళ్లకుండా డాక్టర్‌కి చూపిస్తే సాధారణంగా నిమిషాల్లో సరిచేస్తారు. ఎత్తాల్సి వస్తే చంకల కింద పట్టే ఎత్తాలి.

రెండు తాళ్లూ ఒకే చేతికి చుట్టుకోవద్దు, పిల్లలు తిరిగే కొద్దీ పెనవేసుకుంటాయి. బెల్టు ఉన్నా నియమం నియమమే. మెయిన్ రోడ్డు మీద ఇద్దరూ బెల్టుల మీద నడవడానికి ఇంకో పెద్ద మనిషి తోడుండాలి.

3. ఇంట్లోనే "ఆగు" నేర్పండి

మన దగ్గర కవలల పేర్లు ప్రాసతో పెట్టే అలవాటు ఎక్కువ. పిలవడానికి ముద్దుగా ఉంటాయి, రోడ్డు మీద అరవడానికి పనికిరావు. ఒకరి పేరు పిలిస్తే ఇద్దరూ తిరిగి చూస్తారు, లేదా ఇద్దరూ తమని కాదనుకుంటారు. అందుకే ప్రమాదంలో పేరు పిలవకండి. ఇద్దరికీ కలిపి ఒకే మాట పెట్టుకోండి. "ఆగు" చాలు. ఇంట్లో నాన్న "ఆగు" అని, అమ్మ "స్టాప్" అని, ఆయా "రుకో" అని అంటే పిల్లలకి ఏదీ అంటదు. అందరిదీ ఒకే మాట కావాలి.

స్టాచ్యూ ఆటలా నేర్పండి. హాల్లో ఇద్దరినీ పరిగెత్తించి, "ఆగు" అనగానే మీరే ముందు కొయ్యబొమ్మలా నిలబడండి. ఆగినవాళ్లకి చప్పట్లు. ఇంట్లో కుదిరాక కారిడార్‌లో, ఆ తర్వాత మేడ మీద కాకుండా కింద మూసిన గేటు లోపల ఆడించండి. ఆ మాటని అన్నం దగ్గర, టీవీ దగ్గర వాడొద్దు. రోజుకి ముప్ఫైసార్లు వింటే దాని పదును పోతుంది.

ఎంత బాగా నేర్చినా దాన్ని నమ్ముకుని చెయ్యి వదలొద్దు. బంతి దొర్లినా, కుక్కపిల్ల కనపడినా రెండేళ్ల బుర్రలో "ఆగు" ఉండదు. వచ్చే బండి ఎంత వేగంగా వస్తోందో అంచనా వేయడం బడి వయసు పిల్లలకే సరిగా రాదు.

4. బయల్దేరే ముందు

ఎండాకాలం ఉదయం ఎనిమిదిలోపు ముగించండి, లేదా సాయంత్రం ఐదున్నర దాటాక మొదలుపెట్టండి. మీ అరచేతిని రోడ్డు మీద ఐదు సెకన్లు ఆనించలేకపోతే పిల్లల నడక వాయిదా వేయాల్సిందే. నేలకి దగ్గరగా ఉన్నవాళ్లకి ఆ సెగ మనకంటే ఎక్కువ కొడుతుంది.

బట్టల విషయంలో రెండు వాదనలున్నాయి. ఇద్దరికీ ఒకేలా వేస్తే, ఒకరు కనపడకపోయినప్పుడు రెండోవారిని చూపించి "అచ్చం ఇలాగే" అనొచ్చు. వేరువేరుగా వేస్తే, ఒకే బిడ్డని రెండుసార్లు చూసి ఇద్దరూ ఉన్నారనుకునే పొరపాటు జరగదు. ఒకేలా ఉండే కవలలతో ఆ పొరపాటు చాలా తేలిక. రెండూ కుదిరేలా పసుపో నారింజో ఒకే మెరిసే రంగు చొక్కాలు, టోపీలు మాత్రం వేరు రంగులు పెట్టండి. గేటు దాటే ముందు ఆ బట్టల్లో ఒక ఫొటో తీయండి. మీ ఫోన్ నంబర్ చొక్కా లోపలి వైపు రాయండి. పేరు బయటికి కనపడేలా రాయకండి, పేరు పెట్టి పిలిచిన కొత్తవాళ్లని పిల్లలు నమ్మేస్తారు. బంగారు గొలుసులు, మొలతాడుకి బంగారు బిళ్లలు ఇంట్లో పెట్టి వెళ్లాలి. కుయ్‌కుయ్‌మనే బూట్లు అపార్ట్‌మెంట్లో చిరాకు గానీ వీధిలో వరం. మువ్వల పట్టీలూ అంతే. చప్పుడు ఆగిందంటే తల తిప్పి చూడాలని మీకు తెలుస్తుంది.

సంచి భుజానికి తగిలించేది కాకుండా వీపుకి వేసుకునేది కావాలి. నీళ్లు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్, తడి గుడ్డలు, ఒక జత బట్టలు, కాస్త సబ్బు పెట్టుకోండి. చిల్లర, చిన్న నోట్లు జేబులో ఉంచుకోండి. బండి దగ్గర క్యూఆర్ స్కాన్ చేసి, పిన్ కొట్టి, సౌండ్ బాక్స్ పలికే దాకా మీ కళ్లు ఫోన్ మీదే ఉంటాయి. పది రూపాయల నోటు చూడకుండానే ఇవ్వొచ్చు.

5. లిఫ్టు, సెల్లార్, గేటు

చాలామంది జాగ్రత్త రోడ్డు దగ్గర మొదలవుతుంది. నిజానికి అది ఇంటి గుమ్మం దగ్గర మొదలవ్వాలి.

లిఫ్టు వచ్చాక ముందు మీ నడుము తలుపుకి అడ్డం పెట్టి నిలబడండి. ఇద్దరూ లోపలికి వెళ్లాకే మీరు కదలాలి. దిగేటప్పుడూ తలుపు మధ్యలో నిలబడి ఇద్దరినీ చేతికిందుగా బయటికి పంపాలి. ఒకరు లోపల, ఒకరు బయట ఉండగా తలుపు మూసుకోవడం కవలల ఇళ్లలో అందరూ భయపడేదే. జాలీ తలుపుల పాత లిఫ్టు అయితే పిల్లలని వెనక గోడకి ఆనించి నిలబెట్టండి, వేళ్లు నలుగుతాయి.

సెల్లార్‌లో ఇద్దరూ నడవకూడదు. పెద్ద కారు బంపర్‌కి దగ్గరగా ఉన్న చిన్న బిడ్డ డ్రైవరుకి ముందు నుంచీ కనపడదు, వెనక అద్దంలోనూ కనపడదు. ర్యాంపు ఎక్కే కారు ఆగకుండా వస్తుంది. స్ట్రోలర్‌ని సెల్లార్‌లో కాకుండా పైన గుమ్మం దగ్గరే తెరిచి, ఇద్దరినీ కూర్చోబెట్టి బెల్టు పెట్టాకే కదలండి. పెద్దవాళ్లు తోడు లేకుండా వీళ్లు వస్తే గేటు తీయొద్దని వాచ్‌మన్‌కి చెప్పి ఉంచండి. ఆయన సెలవు పెట్టిన రోజు వచ్చే మనిషికి కూడా చెప్పాలి.

6. వీధిలో నడవడం, రోడ్డు దాటడం

ఫుట్‌పాత్ ఉంటే దాని మీద, గోడ వైపు బిడ్డ, రోడ్డు వైపు మీరు. లేకపోతే రోడ్డుకి కుడి అంచున, ఎదురొచ్చే బండ్లు మీకు కనపడేలా నడవండి. రాంగ్ రూట్‌లో వచ్చే బైకులు మాత్రం వెనక నుంచే వస్తాయి కాబట్టి వెనక్కి చూడటం మానొద్దు. ఆగి ఉన్న కార్ల పక్కన నడిచేటప్పుడు తలుపు తెరుచుకునేంత దూరం వదలండి. కారు వెనక తెల్ల లైటు వెలిగితే రివర్స్ వస్తోందని అర్థం. డ్రైవర్ కళ్లు మీ కళ్లని చూసే దాకా దాటొద్దు.

రోడ్డు దాటేటప్పుడు స్ట్రోలర్‌తో ఒక చిక్కుంది. మీరు అంచున నిలబడి బండ్లు చూస్తుంటే, మీకంటే ఒక మీటరు ముందు స్ట్రోలర్ చక్రాలు అప్పటికే రోడ్డు మీద ఉంటాయి. అంటే మీకంటే ముందు పిల్లలు దిగారు. అందుకే దాటడానికి ఆగినప్పుడు స్ట్రోలర్‌ని రోడ్డుకి సమాంతరంగా తిప్పి, బ్రేకు వేసి, అప్పుడు చూడండి. దారి దొరికాక తిప్పి దాటండి. ఆగి ఉన్న బస్సు ముందు నుంచి, రెండు పార్క్ చేసిన కార్ల మధ్య నుంచి బయటికి రావద్దు, మీరు చూసేలోపు స్ట్రోలర్ బయటపడుతుంది.

డివైడర్ మీద ఆగి సగం సగం దాటే మన అలవాటు కవలలకి పనికిరాదు. ఆ సన్నటి జాగాలో స్ట్రోలర్ పట్టదు, నేల మీదున్న బిడ్డని పట్టుకుని రెండు వైపులా బండ్ల మధ్య నిలబడాలి. సిగ్నల్ ఉన్న జీబ్రా క్రాసింగ్ కోసం ఐదు నిమిషాలు ఎక్కువ నడవండి. అక్కడ కూడా ఫ్రీ లెఫ్ట్ తీసుకునే బండ్లు మీ పచ్చ లైటుని పట్టించుకోవు. హైదరాబాద్ ఉప్పల్ స్కైవాక్‌లాగా లిఫ్టులున్న వంతెన ఉంటే మరీ మంచిది. స్ట్రోలర్‌తో ఎస్కలేటర్ మాత్రం ఎక్కకండి.

ఆటోలో వెళ్తే, దిగకముందే, పిల్లలిద్దరూ లోపల ఉండగానే డబ్బులు ఇచ్చేయండి. రోడ్డు ఎడమ అంచున ఆపించి ఎడమ వైపే దిగాలి. ముందు సంచి, స్ట్రోలర్ దించి తెరవండి. ఒకరిని ఎత్తి అందులో కూర్చోబెట్టి బెల్టు పెట్టండి, తర్వాత రెండోవారు. ఆటో అన్న తొందర పెడితే "ఒక్క నిమిషం అన్నా, కవలలు" అనండి, చాలామంది తామే సాయపడతారు.

7. "కవలలా! ఎవరు పెద్ద?"

కవలలని చూస్తే జనం ఆగుతారు. బుగ్గలు గిల్లుతారు, ఒకరిని ఎత్తుకుంటారు, "నార్మలా, సిజేరియనా" వరకు అడుగుతారు. వాళ్ల మనసు మంచిదే. కానీ మీరు ఒకరి వైపు తిరిగి జవాబు చెప్పే సమయంలో రెండోవారు మీ వెనక ఉంటారు. నడుస్తూనే నవ్వి జవాబు చెప్పండి. ఆగాల్సి వస్తే ముందు పిల్లలిద్దరినీ మీకూ గోడకీ మధ్యకి తెచ్చుకోండి. ఎత్తుకోబోయే చేతులకి "పెద్దమ్మా, దించితే పరిగెడతాడు, అలాగే ఉండనివ్వండి" అనొచ్చు. పరిచయం లేనివాళ్లు ఇచ్చే చాక్లెట్ కూడా అలాగే నవ్వుతూ మీ జేబులోకి పోవాలి.

నడుస్తూ తినిపించడం నాకు ఇష్టం ఉండదు. పల్లీలు, వేయించిన శనగలు, పాప్‌కార్న్, కోయని ద్రాక్ష నాలుగేళ్లలోపు పిల్లల గొంతుకి అడ్డం పడతాయి. ఒకరికి పొలమారి చూసుకుంటుంటే రెండోవారి సంగతి చెప్పక్కర్లేదు. కూర్చున్నాకే తిండి.

8. కుక్కలు

2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో వీధికుక్కల దాడిలో నాలుగేళ్ల బాబు చనిపోయాడు. ఆ తర్వాత ఎంత చర్చ జరిగినా కుక్కలు మన వీధుల్లోనే ఉన్నాయి. తెల్లవారుజామున, రాత్రి పూట ఖాళీ వీధిలో గుంపుగా ఉంటే ఆ వైపు వెళ్లకుండా తిరిగి రావడమే తెలివి. పిల్లలున్న తల్లి కుక్క దగ్గరికి "కుక్కపిల్లలు చూడు" అంటూ తీసుకెళ్లకండి. చేతిలో బిస్కెట్ ఉంటే దాచేయండి.

కుక్క మొరుగుతూ వస్తే పరిగెత్తొద్దు, పరిగెత్తేదాన్ని తరమడం దాని స్వభావం. ఇద్దరినీ మీ వెనక గోడకి ఆనించి, దాని వైపు తిరిగి, కళ్లలోకి గుచ్చి చూడకుండా నిలబడండి. స్ట్రోలర్ ఉంటే దాన్నే మీకూ కుక్కకీ మధ్య కాకుండా మీ వెనక ఉంచండి. సంచిని ముందు అడ్డం పెట్టుకుని గోడ వెంబడి మెల్లగా దూరం జరగండి.

కరిచినా, పన్ను గీసుకున్నా, గాయం మీద నాకినా పారే నీళ్లతో, సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. కారం, సున్నం, పసుపు పెట్టొద్దు. అదే రోజు ఆస్పత్రికి వెళ్లి టీకా మొదలుపెట్టించండి. రక్తం వచ్చిన గాయానికి టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ (రేబిస్‌ని వెంటనే అడ్డుకునే యాంటీబాడీల ఇంజెక్షన్) కూడా కావాలి, అడిగి వేయించండి. ప్రభుత్వ ఆస్పత్రుల్లో రేబిస్ టీకా ఉచితం. హైదరాబాద్‌లో నల్లకుంట ఫీవర్ ఆస్పత్రికి ఈ కేసుల్లో ఎంతో అనుభవం ఉంది. ఒకరిని కుక్క కరిస్తే ఇంటికొచ్చాక రెండోవారి ఒళ్లు కూడా పూర్తిగా చూడండి. ఏడ్చే బిడ్డ దగ్గర అందరూ చేరతారు, చిన్న గీత పడ్డ రెండో బిడ్డకి చెప్పడం రాదు.

9. పార్కులో, నీళ్ల దగ్గర

పార్కు ఎంచుకునేటప్పుడు ఊయలల కంటే గేట్లు చూడండి. ఒకే గేటు, చుట్టూ గోడ ఉన్న చిన్న కాలనీ పార్కు, నాలుగు గేట్లున్న పెద్ద పార్కు కంటే కవలలకి మేలు. అక్కడ బెంచీ ఎక్కడున్నా మీరు గేటు దగ్గరే ఉండాలి. జారుడుబండ ఎక్కే ముందు బెల్టు, తాడు, చున్నీ, మెడలో గొలుసు తీసేయండి. పైన చిక్కుకుని మెడకి బిగుసుకునే ప్రమాదం ఉంది. ఒకరు ఊయల మీద ఉంటే రెండోవారు దాని ముందు నుంచో వెనక నుంచో వస్తారు. అందుకే ఇద్దరూ ఒకే ఆట దగ్గర, ఒకే సమయంలో ఉండాలి.

నీళ్ల దగ్గర మాత్రం ఇద్దరు పిల్లలకి ఇద్దరు పెద్దవాళ్లు. నాలుగు వేళ్ల లోతు నీళ్లలోనూ ఈ వయసు పిల్లలు మునిగిపోతారు, చప్పుడు కూడా రాదు. విశాఖ ఆర్కే బీచ్‌లో దిగొద్దన్న బోర్డులు ఊరికే పెట్టలేదు, అల వెనక్కి లాగే బలం ఎక్కువ. పుష్కర ఘాట్లు, చెరువు కట్టలు, ఫౌంటెన్లు అన్నిటికీ ఇదే.

నాంపల్లి నుమాయిష్, జాతర, నిమజ్జనం లాంటి చోట్లకి ఈ వయసు కవలలని నడిపించాలనుకోవడమే తప్పు. వెళ్లక తప్పకపోతే ఇద్దరూ ఇద్దరి ఒళ్లో ఉండాలి. పెద్ద ఉత్సవాల్లో పోలీసులు పిల్లల చేతికి ఫోన్ నంబరున్న ట్యాగ్ కడుతుంటే తప్పకుండా కట్టించుకోండి.

10. చెరో దిక్కూ పరిగెత్తితే

అప్పుడు ఆలోచించే టైమ్ ఉండదు, కాబట్టి ఇప్పుడే నిర్ణయించుకోండి. మీకు దగ్గరగా ఉన్నవారి వెనక కాదు, ఏడుస్తున్నవారి వెనకా కాదు, రోడ్డుకో నీళ్లకో దగ్గరగా ఉన్నవారి వైపు వెళ్లాలి. వెళ్తూ "ఆగు" అని అరవండి. రెండోవారి కోసం అక్కడున్న ఒక మనిషిని గుర్తుపట్టి పిలవండి: "నీలం చొక్కా అన్నా, ఆ పాపని పట్టుకో!" "ఎవరైనా పట్టుకోండి" అంటే ఎవరూ కదలరు.

ఒకరు కనపడకుండా పోతే ముందు రెండోవారిని ఎత్తుకోండి లేదా బెల్టు పెట్టి కూర్చోబెట్టి వెంట తీసుకెళ్లండి. పరిచయం లేనివాళ్ల చేతికి ఇవ్వకండి. మొదట రోడ్డు, నీళ్లు, సంపులు, ఆగి ఉన్న కార్ల కింద చూడాలి. ఆటవస్తువులు, దుకాణాలు ఆ తర్వాత. గేటు మూయించండి. బిడ్డ ఆఖరుగా కనపడిన చోట ఒకరిని నిలబెట్టండి, పిల్లలు అక్కడికే తిరిగి వస్తుంటారు. చొక్కా రంగు, టోపీ రంగు గట్టిగా చెప్పండి, ఫొటో చూపించండి.

కొద్ది నిమిషాల్లో దొరకకపోతే 112కి ఫోన్ చేయండి. పిల్లల కోసం 1098 కూడా ఉంది. 24 గంటలు ఆగాలన్నది అపోహ. తప్పిపోయిన పిల్లల ఫిర్యాదు వస్తే ఎఫ్ఐఆర్ నమోదు చేయాలని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. ఎవరైనా "కాసేపు వెతికి రండి" అంటే ఆ మాట గుర్తుచేయండి.

11. ఇద్దరినీ ఎప్పుడు దించొచ్చు?

వయసుని కాదు, పిల్లలని చూసి నిర్ణయించాలి. మూసిన గేటు లోపల, బంతి దొర్లుతున్నా "ఆగు" అనగానే ఇద్దరూ ఆగుతున్నారంటే, ఇంకో పెద్ద మనిషి తోడుతో ఖాళీ వీధిలో ఇద్దరినీ నడిపించి చూడొచ్చు. ఒకరు ముందు నేర్చుకుంటారు, ఒకరికి ఆలస్యం అవుతుంది. వెనకబడినవారి స్థాయికే ఇద్దరినీ ఉంచాలి, ముందున్నవారి స్థాయికి కాదు. "వాడు నడుస్తున్నాడు కదా, నువ్వూ నడువు" అనే పోలిక ఇక్కడ పెట్టొద్దు. మోకాళ్ల నొప్పులున్న తాతయ్యతో ఇద్దరినీ పంపకుండా ఒక్కరినే పంపండి. ఆయనకీ ముచ్చట తీరుతుంది, ఇంట్లో మిగిలిన బిడ్డకి అమ్మ పూర్తిగా దొరుకుతుంది. మెయిన్ రోడ్డు దాటేటప్పుడు మాత్రం బడిలో చేరాక కూడా చెయ్యి పట్టుకునే దాటించాలి.